బంగారం అమ్మమని కాదు, డాలర్ల లాభంలో వాటా అడుగుదాం

పోస్టు పెద్దదే. ఊళ్లో ఉన్నవాళ్లు సిగ్నల్ దొరికే గట్టు మీదకి వెళ్లినప్పుడు సేవ్ చేసుకుని, ఇంటికెళ్లాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఒకటి జెండా బొమ్మతో వచ్చిన ఫార్వర్డ్. "దేశం దగ్గర 700 బిలియన్ డాలర్లు, 880 టన్నుల బంగారం. మనం ఇప్పుడు ధనిక దేశం" అని. దానికింద ఒక సీనియర్ అన్న పెట్టిన జవాబు రెండోది. "అంత బంగారం ఉంటే కొంత అమ్మి మా మెస్ బకాయిలు కట్టమనండి" అని. మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండోదానికి మాత్రం లైకులే లైకులు. మా రూములో ఆరుగురం ఉంటే నలుగురం లైక్ కొట్టాం, అబద్ధం ఎందుకు. ఆ రాత్రి కూర్చుని లెక్కలు చూశాక రెండూ తప్పే అనిపించింది. అన్నకి కోపం వస్తే రానీ. ఆయన కోపం న్యాయమైనదే, అడిగిన డిమాండ్ మాత్రం తప్పు.

ఇంకోటి కూడా చెప్పాలి. క్లాసులో ఒకతను అదే ఫార్వర్డ్ మాకు చూపించి, "రిజర్వులు ఇంత పెరిగాయి కదా, మీకింకా రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు ఎందుకురా" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వేశాం. ఏం చెప్పాలో తెలీక నవ్వాం. తెలీకపోవడమే మాకు ఎక్కువ బాధేసింది. మా ఇళ్లలో కాలేజీ గేటు లోపలికి వచ్చిన మొదటివాళ్లం మేమే. విదేశీ మారక నిల్వ అంటే ఏంటో చెప్పడానికి ఇంట్లో నాన్న లేడు, బాబాయి లేడు. కాబట్టి మాకు మేమే నేర్చుకుని మీకు చెప్తున్నాం.

ముందు అది ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. మా ఊరి వైపు డిసెంబర్, జనవరిలో అమ్మ వాళ్లు కాఫీ పండ్లు కోస్తారు. తొక్క తీసి, కడిగి, ఎండబెట్టి సంతకి తెస్తే జీసీసీ వాళ్లో, వ్యాపారో కొంటారు. అది చేతులు మారి మారి ఓడ ఎక్కుతుంది. అక్కడ కొన్నవాడు డాలర్లలోనో యూరోల్లోనో కడతాడు. ఎగుమతి చేసినవాడు ఆ డాలర్లు బ్యాంకులో ఇచ్చి రూపాయలు తీసుకుంటాడు. బ్యాంకుల దగ్గర పోగుపడిన డాలర్లను రిజర్వ్ బ్యాంకు కొని, బదులుగా రూపాయలు ఇస్తుంది. అలా కొన్నవే విదేశీ మారక నిల్వలు. వాటిలో డాలర్, యూరో లాంటి కరెన్సీ ఆస్తులు ఎక్కువ, తర్వాత బంగారం, ఇంకొంచెం అంతర్జాతీయ ద్రవ్య నిధి దగ్గర ఉన్నది. 2024-25లో కాఫీ ఎగుమతుల మీద దేశానికి వచ్చింది సుమారు 1.8 బిలియన్ డాలర్లు. అందులో ఎక్కువ భాగం కర్ణాటకది, నిజమే. కానీ మన కొండ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2017లోనే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరిచారు. అమ్మ గంపలో వేసిన పండు డాలర్ అవుతుంది. అమ్మ డాలర్ నోటు ఎప్పుడూ చూడలేదు, అది వేరే విషయం.

ఇప్పుడు ఫార్వర్డ్ పెట్టినవాళ్లకి.

ఎగుమతుల మీద వచ్చే డాలర్లకంటే దిగుమతులకి పోయేవే ఎక్కువ. ఒక్క ముడిచమురే చూడండి, మనం వాడేదాంట్లో 85 శాతానికి పైగా బయటినుంచి కొంటాం. గల్ఫ్‌లో, అమెరికాలో పనిచేసేవాళ్లు పంపే డబ్బు లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరం. 2024లో వాళ్లు పంపింది 129 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాల కూలీల చెమట కూడా ఉంది, సాఫ్ట్‌వేర్ వాళ్ల జీతాలూ ఉన్నాయి. అదంతా కలిపినా, ఏవో కొన్ని సంవత్సరాలు తప్ప, మన దేశం కరెంట్ ఖాతా లోటులోనే ఉంటుంది. మరి 700 బిలియన్లు ఎలా పోగయ్యాయి? విదేశీ కంపెనీలు పెట్టిన పెట్టుబడి, షేర్ మార్కెట్లోకి వచ్చిన డబ్బు, ఎన్నారైల డిపాజిట్లు, మన కంపెనీలు బయట తెచ్చిన అప్పులు. చైనా సరుకు అమ్మి సంపాదించి నింపింది. మనది ఎక్కువగా ఇతరుల డబ్బు వచ్చి మన దగ్గర ఆగితే నిండింది. 2025 మార్చి నాటికి దేశం మొత్తం బయటి అప్పు సుమారు 736 బిలియన్ డాలర్లు. నిల్వలకంటే ఎక్కువ. షావుకారు దగ్గర గింజలు తెచ్చి గాదె నింపి, ఊరంతా తిరిగి మా గాదె నిండిందని డప్పు కొట్టుకుంటే ఎలా ఉంటుంది? ఆ అప్పంతా సర్కారుది కాదు, కంపెనీలదే ఎక్కువ, సరే. కానీ "ధనిక దేశం" అనే మాట ఆ అంకెలోంచి రాదు.

బంగారం సంగతీ అంతే. 2025 అక్టోబర్‌లో మన బంగారం నిల్వ విలువ 100 బిలియన్ డాలర్లు దాటిందని టీవీలో ఊదరగొట్టారు. ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు కొత్తగా కొన్నది చాలా తక్కువ. అదే 880 టన్నులు. పెరిగింది ధర.

ఇక అన్నా, మీ మాటకి వద్దాం. అమ్మేయమంటున్నారు కదా.

1991 చూడండి. మాకు అది పుస్తకంలో పాఠం, మీకూ అంతే, అప్పటికి మనం ఎవరం పుట్టలేదు. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, ఎన్నారైలు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. నిల్వలు బిలియన్ డాలర్ల చిల్లరకి పడిపోయాయి. రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత. మే నెలలో స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న 20 టన్నుల బంగారాన్ని, తిరిగి కొనుక్కునే షరతు మీద, స్విట్జర్లాండ్ బ్యాంకుకి అమ్మారు. జూలైలో రిజర్వ్ బ్యాంకు సొంత బంగారం సుమారు 47 టన్నులు విమానాల్లో పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర తాకట్టు పెట్టారు. వచ్చింది సుమారు 405 మిలియన్ డాలర్లు. అదే జూలై మొదటివారంలో రెండు రోజుల తేడాతో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. ప్రధాని మన తెలుగాయన పి.వి.నరసింహారావు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్. తాకట్టు అప్పు ఆ ఏడాదే తీర్చేశారు, బంగారం మాత్రం లండన్‌లోనే ఉండిపోయింది.

తాకట్టు అంటే మాకు ఎవరూ వివరించక్కర్లేదు. మా రూములో ఆరుగురిలో ముగ్గురి ఇళ్ల బంగారం తాకట్టులో ఉంది. బంగారం అంటే ఏం పెద్ద లేదు, అమ్మ ముక్కుకి, చెవులకి ఉన్నవి, పుస్తెలు. అడ్మిషన్‌కి వచ్చినప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ పడేదాకా ఆగమంటే కాలేజీ ఆగలేదు. టౌన్‌లో ఒక షాపులో తులంన్నర పెట్టి 35 వేలు తెచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇంకొకరి ఇంట్లో గడువు దాటిపోయి అది వాళ్లదైపోయింది. తర్వాత తులం లక్ష అయింది. ఆ పెరుగుదల ఎవరి జేబులోకి వెళ్లిందో మాకు తెలుసు. కాబట్టి, కష్టంలో తాకట్టు పెట్టుకోవడానికైనా ఇంత ఉండాలి అనే మాట మాకు అర్థమవుతుంది. ఊరికే అమ్మి పంచేయమని మా అమ్మ కూడా అనదు.

పంచితే ఎంత వస్తుందో కూడా లెక్క వేశాం. మొత్తం 700 బిలియన్లూ 145 కోట్ల మందికి పంచితే తలకి సుమారు 40 వేల రూపాయలు. ఒక్కసారే. ఆ మరుసటి రోజు ఏమవుతుంది? 2022 శ్రీలంక చూడండి. డాలర్లు అయిపోయాయి. ఏప్రిల్‌లో అప్పులు కట్టలేమని చేతులెత్తేసింది. పెట్రోల్‌కి రోజుల తరబడి క్యూలు. అంతకుముందు మార్చిలో కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు, ఎందుకో తెలుసా, ప్రశ్నపత్రాలు అచ్చువేయడానికి కాగితం లేక. కాగితం దిగుమతికి డాలర్లు లేక. అలాంటి రోజు ఇక్కడ వస్తే ముందు ఆగేది ఎవరి బండి? సిటీ కారు కాదు. మన ఘాట్ రోడ్డు జీపు ఆగుతుంది, దాంతో డెలివరీకి వెళ్లాల్సిన అక్క ఆగుతుంది. డోలీ కర్ర మళ్లీ భుజం మీదకి వస్తుంది. ఇప్పుడైనా ఎక్కడ దిగిందిలెండి.

ఇంకో సంగతి అన్నా. ఆ డాలర్లు రిజర్వ్ బ్యాంకు రూపాయలిచ్చి కొన్నవి. ఆ రూపాయలు ఇప్పటికే జనంలో తిరుగుతున్నాయి. డాలర్ పట్టుకెళ్లి హాస్టల్ మెస్‌లో ఇస్తే బియ్యం రావు. మళ్లీ రూపాయలుగా మార్చాలి, అంటే ఎవరో ఆ డాలర్లు కొనాలి, లేదా రిజర్వ్ బ్యాంకు కొత్త నోట్లు కొట్టాలి. నోట్లు కొడితే ధరలు పెరుగుతాయి. మెస్ చార్జీ రేటు అప్పుడూ అంతే ఉంటుంది. అంటే నష్టపోయేది మళ్లీ మనమే.

కాబట్టి నిల్వ ఉండాలి. ఇంతవరకూ సర్కారు మాటే మా మాట. ఇక్కడినుంచి వేరు.

1991 తర్వాత దేశానికి ఒక పాఠం బాగా ఎక్కింది: ఏం చేసైనా డాలర్లు తేవాలి. 2003 డిసెంబర్‌లో నిల్వలు 100 బిలియన్లు దాటాయి, 2008 మార్చికి 300 దాటాయి. మధ్యలో 2013లో డాలర్ 68 రూపాయలు దాటి మళ్లీ భయపెట్టింది. 2020 జూన్‌లో 500 బిలియన్లు, 2024 సెప్టెంబర్ చివరికి 700. మూడు దశాబ్దాల ఈ మెట్లన్నీ గొప్పగా చెప్తారు. ఆ మెట్ల కింద ఏ నేల ఉందో చెప్పరు. 1993లో కొత్త ఖనిజ విధానం తెచ్చి గనుల్ని ప్రైవేటు వాళ్లకి, విదేశీ పెట్టుబడికి తెరిచారు. ఖనిజాలు ఎక్కువగా ఎక్కడున్నాయి? మన కొండల కింద. అప్పటికే బొర్రా ప్రాంతంలో మనవాళ్ల భూముల్లో ప్రైవేటు గనుల లీజుల మీద పోరాటం నడుస్తోంది. సమత సంస్థ కోర్టుకి వెళ్తే, 1997 జూలైలో సుప్రీంకోర్టు, అయిదో షెడ్యూల్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకి సర్కారు కూడా లీజులు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. సమత తీర్పు అని మనం మీటింగుల్లో చెప్పుకునేది అదే. అయినా బాక్సైట్ కోసం ఒప్పందాలు ఆగలేదు. 2015లో 97 నంబరు జీవో వచ్చింది, మన్యం అంతా రోడ్డెక్కింది, 2019లో రద్దయ్యేదాకా పోరాడాల్సి వచ్చింది.

రేపు మళ్లీ ఎవరో వస్తారు, "దేశానికి డాలర్లు కావాలి, మీరు కొంచెం త్యాగం చేయాలి" అంటారు. అప్పుడు మనం ఏం చెప్పాలి? నిల్వలు సుమారు 11 నెలల దిగుమతులకి సరిపోయేలా ఉన్నాయని వాళ్ల కాగితమే చెప్తోంది కదా, 1991లో రెండు వారాలకి లేనప్పుడు కూడా మా కొండ ఉంది, ఇప్పుడు 11 నెలలకి ఉన్నప్పుడు మా కొండే ఎందుకు అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగడానికైనా ఆ లెక్కలు మనకి రావాలి. ఆర్థిక శాస్త్రం మనది కాదులే అని వదిలేస్తే వాళ్లు చెప్పిందే లెక్క అవుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మేం ఈ పోస్టు రాసిందే దీని కోసం.

ఆ నిల్వలు ఊరికే కూర్చోవు. రిజర్వ్ బ్యాంకు వాటిలో ఎక్కువ భాగం విదేశీ సర్కారు బాండ్లలో పెడుతుంది. అమెరికా ప్రభుత్వ బాండ్లలోనే 2024లో మన దేశం పెట్టింది 200 బిలియన్ డాలర్లకి పైనే. అంటే పాడేరు నుంచి వచ్చిన డాలర్ కూడా కలిసి అమెరికాకి అప్పుగా వెళ్తోంది. తమాషాగా లేదూ? ఆ బాండ్ల మీద వడ్డీ వస్తుంది. ఇంకా, రూపాయి పడిపోతున్నప్పుడు రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో తక్కువకి కొన్న డాలర్లని ఎక్కువ రేటుకి అమ్ముతుంది. ఆ తేడా లాభం. 2024-25లో అలా భారీగా అమ్మింది. ఈ ఆదాయాలన్నీ కలిపి, ఖర్చులు పోగా, 2019లో బిమల్ జలాన్ కమిటీ చెప్పిన పద్ధతిలో ఆపదకి పక్కన పెట్టాల్సింది పెట్టాక, మిగిలింది కేంద్ర ప్రభుత్వానికి ఇస్తుంది. 2023-24 సంవత్సరానికి ఇచ్చింది 2,10,874 కోట్లు. 2024-25కి 2,68,590 కోట్లు.

ఇది ఆపద సొమ్ము కాదు, గమనించండి. ఆపద సొమ్ము తీశాకే మిగిలింది. దీన్ని ఖర్చు పెడితే నిల్వలో ఒక్క డాలర్, ఒక్క గ్రాము తగ్గదు. ఇది పన్ను కాదు కాబట్టి ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం వాటా రాష్ట్రాలకి దీంట్లో రాదు. మొత్తం ఢిల్లీదే. మన రాష్ట్రాల్లో 2013లో ఉప ప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం, తెలంగాణలో 2017లో దాన్ని మార్చారు. కేంద్రంలో అలాంటి చట్టమే లేదు.

2011 జనాభా లెక్కల్లో మనం 8.6 శాతం. 2,68,590 కోట్లలో 8.6 శాతం అంటే సుమారు 23 వేల కోట్లు. 2025-26 బడ్జెట్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ మొత్తానికి ఇచ్చింది ఎంత? 14,926 కోట్లు. ఏకలవ్య స్కూళ్లు, స్కాలర్‌షిప్పులు, అన్నీ అందులోనే. అంటే ఒక్క ఏడాది రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మిగులులో మన జనాభా వాటా ఆ శాఖ బడ్జెట్‌కి ఒకటిన్నర రెట్లు.

దీనికి జవాబు ఏం వస్తుందో తెలుసు. "అన్ని శాఖల ఎస్టీ ప్రణాళిక కలిపితే లక్ష కోట్లు దాటుతోంది, చూసుకోలేదా" అంటారు. చూశాం. బడ్జెట్ కాగితాల్లో స్టేట్‌మెంట్ 10బి అని ఉంటుంది, అదే. దాంట్లో రోడ్లు, ఎరువుల సబ్సిడీ లాంటి అందరికీ వచ్చే పద్దుల్లో కొంత భాగాన్ని కూడా మన లెక్కలో చూపిస్తున్నారని దళిత, ఆదివాసీ సంఘాలు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాయి. మా ఊరికి రోడ్డే లేదు, మా పేరు మీద రోడ్డు ఖర్చు మాత్రం ఉందట.

ఇంకొక పోలిక చెప్పి ఆపుతాం. ఎస్టీలకి కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి 2013లో రెండున్నర లక్షలు చేశారు. ఆ ఏడాది మార్చిలో దేశం నిల్వలు సుమారు 292 బిలియన్లు. పదకొండేళ్లకి నిల్వలు 700 అయ్యాయి. పరిమితి అదే రెండున్నర లక్షలు. మా రూములో ఒకడి అన్నకి అంగన్‌వాడీ ఆయా అయిన భార్య జీతం, తన డ్రైవర్ జీతం కలిపితే పరిమితి దాటుతోందని, పిల్లాడి కోసం ఇప్పటినుంచే భయపడుతున్నాడు. దేశం ఎదగొచ్చు, మనం ఎదిగితే మాత్రం స్కాలర్‌షిప్ పోతుంది.

2009లో అంతర్జాతీయ ద్రవ్య నిధి దగ్గర 200 టన్నుల బంగారం కొన్నప్పుడు రిజర్వ్ బ్యాంకు గవర్నర్ దువ్వూరి సుబ్బారావు గారు. 6.7 బిలియన్ డాలర్లు పెట్టి కొన్నారు. ఆయన ఉద్యోగం మొదలైంది పార్వతీపురం సబ్ కలెక్టర్‌గా. అంటే మన మన్యం ఎండ తెలిసిన మనిషి కూడా ఆ కుర్చీలో కూర్చున్నాడు. మనుషులు మంచివాళ్లా కాదా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. ఆ మిగులు సొమ్ము ఎటు పోవాలో రాసిన కాగితంలో మన పేరు లేదు, అదీ సంగతి.

అందుకే అన్నా, వచ్చే నెల ఐటీడీఏ దగ్గర ధర్నాకి రాసే వినతిపత్రంలో "బంగారం అమ్మాలి" అనే లైను తీసేయండి. చదివినవాడు నవ్వి పక్కన పెడతాడు. దాని బదులు మూడు లైన్లు పెట్టమని అడుగుతున్నాం. రిజర్వ్ బ్యాంకు ఏటా కేంద్రానికి ఇచ్చే మిగులులో 8.6 శాతం ఎస్టీ విద్యార్థుల చదువు, హాస్టళ్ల కోసం విడిగా చూపాలి. ఎస్టీ ప్రణాళికకి కేంద్రంలో కూడా చట్టం తేవాలి. స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి ధరలతో పాటు ఏటా పెరగాలి. ఐటీడీఏ పీఓ గారి చేతిలో ఇవేవీ లేవని మాకూ తెలుసు. ఆయన ద్వారా పైకి పంపమని అడుగుదాం, ఎంపీ గారికి ఒక కాపీ ఇద్దాం, పార్లమెంట్‌లో ప్రశ్నగా వేయమందాం.

లెక్కల్లో ఎక్కడైనా తప్పు ఉంటే కామెంట్‌లో చెప్పండి, దిద్దుతాం. స్టేట్‌మెంట్ 10బి పీడీఎఫ్ మా దగ్గర ఉంది, అంతా ఇంగ్లీషు, హిందీలోనే. ఆదివారం భోజనాలయ్యాక హాస్టల్ మెట్ల దగ్గర కూర్చుని శాఖల వారీగా తెలుగులో రాసుకుందాం అనుకుంటున్నాం. కామర్స్ చదివే అక్కలు ఎవరైనా ఫోన్‌లో కలిసినా చాలు. ఆ రోజు కరెంటు ఉంటుందో లేదో, చార్జింగ్ పెట్టుకుని రండి.